అందరికీ బానే ఉందట

వాంతి మాట ఎత్తితే మొహం తిప్పుకునేవాళ్ళు ఈ కథ ఇక్కడే ఆపేయొచ్చు. నేను ఆపలేను, నా జీతం దానిమీదే నడుస్తోంది. ఇంగ్లండులో, బ్రాక్‌నెల్ అనే ఊళ్ళో మా ఆఫీసులో నా పేరు పక్కన ‘కంఫర్ట్ లీడ్’ అని ఉంటుంది. వినడానికి పరుపులమ్మే కొట్లో ఉద్యోగంలా ఉంటుంది గానీ పని వేరు. మేం తయారుచేసే వీఆర్ హెడ్‌సెట్ తలకి తగిలించుకున్నవాళ్ళకి కళ్ళు తిరుగుతున్నాయా, కడుపులో దేవుతోందా, డోకొస్తోందా అని చూడటం, చూసి రాకుండా చేయడం. బందరులో మా అమ్మని ఎవరైనా అడిగితే "మా అలివేలుమంగ కంప్యూటర్లలో చేస్తోంది" అని ఊరుకుంటుంది. అంతకంటే వివరంగా చెప్పడానికి ఆవిడకి సిగ్గు.

మా హెడ్‌సెట్ ఆటలాడుకునే కుర్రకారుకి కాదు. కిందపడి తుంటి విరిగిన ముసలివాళ్ళకి. ఆపరేషనయ్యి, ఎముక అతుక్కున్నాక కూడా వాళ్ళకి అడుగు వేయాలంటే హడలు. అలాంటివాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళకి ఇది తగిలించి, పార్కులోనో బజార్లోనో నడుస్తున్నట్టు చూపిస్తే మెల్లమెల్లగా భయం వదులుతుందని మా ఆశ. నాటింగ్‌హామ్‌లో ఒక ఆస్పత్రి వాళ్ళు తమ వార్డులో వాడి చూస్తామన్నారు. ఇది పెట్టుకుని మీకో నాకో తల తిరిగిందనుకోండి, కాసేపు కూర్చుంటాం, నిమ్మకాయ నీళ్ళు తాగుతాం, సర్దుకుంటుంది. ఆ వార్డులో ముసలావిడకి తిరిగితే మాత్రం, ఇది తీసి లేచి నిలబడగానే మళ్ళీ పడుతుంది. ఆ వయసులో రెండోసారి పడ్డవాళ్ళు లేవడం కష్టం. అందుకే ఇది ఆ వార్డుకి వెళ్ళొచ్చా వెళ్ళకూడదా అన్నది నాకు నిద్ర పట్టనివ్వని సంగతి అయిపోయింది.

ఇక హర్షవర్ధన్ గురించి చెప్పాలి. చెప్పాలంటేనే నోరు చేదవుతుంది. మా ప్రోడక్ట్ హెడ్. విజయవాడ వాడు. ఇద్దరం ఒకే ఏడాది ఇక్కడ చేరాం. నేను వాంతుల దగ్గరే ఉన్నాను, వాడు మెట్లెక్కి వెళ్ళాడు. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. వాడు నవ్వుతుంటే చూసి చూసి నా దవడలు నొప్పెడతాయి.

హెడ్‌సెట్‌లో ఉండేది చిన్న చిప్. కనబడే లోకాన్నంతా నిగనిగలాడేలా గీయమంటే అది వేడెక్కిపోయి బొమ్మ వెనకబడుతుంది. మనం తల ఇప్పుడు తిప్పితే లోకం కాస్త ఆగి తిరుగుతుంది. ఆ కాస్త తేడాకే కడుపులో తిప్పడం మొదలవుతుంది. అందుకని హర్ష టీం ఒక పద్ధతి పెట్టింది. ఈ రంగంలో చాలామంది చేసేదే. లోపల బుల్లి కెమెరాలు కళ్ళని కనిపెట్టుకుని ఉంటాయి. చూపు ఎక్కడ పడితే అక్కడ మాత్రం శుభ్రంగా గీసి, చుట్టూ ఉన్నదంతా మసగ్గా వదిలేస్తుంది. మనిషికి తేడా తెలీదు, చిప్‌కి బరువు తగ్గుతుంది. కుర్రవాళ్ళ మీద బ్రహ్మాండంగా పనిచేసింది, కాదనను.

శుక్లాల ఆపరేషనయిన కళ్ళ దగ్గరే వచ్చింది తంటా. లోపల పెట్టిన అద్దం తళుక్కుమంటుంది. ఆ తళుకుకి మా కెమెరా మోసపోయి చూపు ఎక్కడుందో తప్పుగా లెక్కేస్తుంది. దాంతో చూస్తున్నచోట మసక, చూడనిచోట స్పష్టం, ఆ మసక కూడా కుదురుగా ఉండదు, అటూ ఇటూ గెంతుతుంది. అలా తప్పేలా కావాలని పెట్టించుకుని నేనొకసారి చూశాను. పొద్దున తిన్న ఉప్మా మొత్తం బయటికొచ్చింది.

ఆ వార్డులో ఉండేవాళ్ళలో శుక్లాలు తీయించుకోనివాళ్ళు ఎంతమంది ఉంటారు? అందుకని పెద్దవాళ్ళ మీద పరీక్షించనిదే పంపడానికి వీల్లేదని మీటింగులో బల్ల గుద్ది చెప్పాను. హర్ష వెంటనే ఒప్పుకున్నాడు. "పెద్దవాళ్ళే కదా మంగా, నేను పట్టుకొస్తా" అన్నాడు. వాడు అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. శనివారం పొద్దున్నకల్లా మా ఆఫీసు రిసెప్షన్ పెళ్ళివారి విడిదిలా తయారైంది. కొడుకుల దగ్గరికి, కూతుళ్ళ దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి, బయట చలికి, లోపల ఖాళీకి విసిగిపోయి ఉన్న తల్లిదండ్రులు. ఆంటీలు పట్టుచీరల కింద ట్రైనర్ బూట్లు వేసుకొచ్చారు. అంకుల్స్ మంకీ క్యాపులు తీయకుండా మా గోడల మీద బొమ్మలన్నీ చదివారు. హర్ష ఒక్కొక్కరి కాళ్ళకీ దణ్ణం పెట్టాడు. సమోసాలు, అల్లం టీ. వాళ్ళందరినీ చూస్తే నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు చెప్పాలి.

హెడ్‌సెట్ తీశాక అడిగే ప్రశ్నలు తెలుగులో రాసింది నేనే. వికారంగా ఉందా, కళ్ళు తిరిగాయా, తల భారంగా ఉందా, ఉంటే ఎంత, కొంచెమా, బాగానా, భరించలేనంతా. మొదట కూర్చున్నాయన వీరాంజనేయులు గారు. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. హెడ్‌సెట్ తీసేసరికి ముఖం సున్నం కొట్టినట్టుంది, మంకీ క్యాపు అంచున చెమట.

"ఎలా ఉందంకుల్?"

"బ్రహ్మాండం తల్లీ!"

"వికారంగా ఏమన్నా ఉందా?"

"అబ్బెబ్బే."

"కళ్ళు తిరిగాయా?"

"పర్లేదమ్మా."

"పర్లేదంటే తిరిగాయా, తిరగలేదా?"

"చిన్నపిల్లలు, ఇంత కష్టపడి చేశారు. బానే ఉంది. చాలా బావుంది" అని గోడ పట్టుకుని సమోసాల దాకా వెళ్ళి, ఒకటి చేతిలోకి తీసుకుని దానివంక భయంగా చూస్తూ నిలబడ్డారు.

తర్వాతావిడ అదే. ఆ తర్వాతాయనా అదే. "బానే ఉంది", "పర్లేదు", "మాకేంటమ్మా, దుక్కలా ఉన్నాం". మనవాళ్ళ సంగతి నాకు తెలీనిదా? పిలిచినవాళ్ళింట్లో కాఫీలో ఉప్పు కలిపిచ్చినా "బావుందండీ" అని ఆఖరి చుక్కదాకా తాగే జాతి మనది. కారులో తీసుకొచ్చి, కాళ్ళకి మొక్కి, టీ చేతికిచ్చిన కుర్రాణ్ణి పట్టుకుని ‘నీ వస్తువుతో నాకు డోకొస్తోంది’ అని ఏ నోటితో అంటారు? మొహమాటంతో చచ్చిపోతారు గానీ అనరు. ప్రశ్నలు రాసేటప్పుడు ఆ మాత్రం నాకు తట్టొద్దూ!

సోమవారం మీటింగులో హర్ష తెర మీద గీతలు చూపించాడు. పెద్దవాళ్ళలో వికారం లేనేలేదు. చిప్ మీద బరువయితే కుర్రవాళ్ళతో పోలిస్తే ఇంకా తక్కువ. మా డైరెక్టర్ ఫిలిప్ బుగ్గలు ఎర్రగా చేసుకుని చప్పట్లు కొట్టాడు. నేను ఊరుకోలేదు. "ముప్ఫై ఏళ్ళ వాళ్ళకే కొద్దో గొప్పో తిప్పింది. డెబ్బై ఏళ్ళవాళ్ళకి అసలేమీ లేకపోవడం ఏమిటి, నమ్మే మాటేనా?" అని అడిగాను.

"మా పెద్దవాళ్ళు రోజూ యోగా చేస్తారు" అన్నాడు హర్ష, ఫిలిప్ వైపు తిరిగి, చేతులు జోడించినంత వినయంగా.

ఫిలిప్ తలాడించి, నోట్ చేసుకున్నాడు. యోగా! ఆ అంకుల్స్‌లో సగంమంది చెప్పుల బెల్టు పెట్టుకోవడానికి వంగలేరు. ఛీ, అంత సిగ్గులేని అబద్ధం అంత నవ్వుతూ ఎలా ఆడతారు?

తర్వాత వరసగా శనివారాలు, ఇంకొన్ని బ్యాచ్‌లు. మొదటి శనివారం నుంచీ హర్ష వాళ్ళమ్మ కూడా ఉండేది. చాముండేశ్వరి గారు. కొడుకు దగ్గర ఉంటోంది, ప్రతిసారీ ఆవిడే అందరికీ టీ పోసి పెట్టేది, మధ్యలో తనూ కూర్చుని హెడ్‌సెట్ పెట్టించుకునేది. చామనఛాయ, గట్టి మనిషి. టీ ఇస్తూ "తిన్నావా అమ్మాయ్?" అని అడక్కుండా కప్పు చేతికిచ్చేది కాదు. ఒక శనివారం ఆవిడ "బానే ఉందమ్మా" అని లేచి వెళ్ళిన కాసేపటికి నేను లేడీస్ టాయిలెట్‌కి వెళ్ళాను. ఆవిడ సింకు మీదకి వంగి ఉంది. పంపు ధారగా వదిలేసింది, చప్పుడు బయటికి వినపడకుండా. కొంగు నోటికి అడ్డం. కొంగంతా కక్కు.

నేను వెళ్ళి నుదురు పట్టుకున్నాను. ఇంకోసారి కక్కింది. ఊపిరి తిప్పుకున్నాక ఆవిడ మొదట చేసిన పని నా చేతులు పట్టుకోవడం.

"వాడితో చెప్పకమ్మా. చిన్నబుచ్చుకుంటాడు."

"ఎన్నాళ్ళుగా ఇలా అవుతోందాంటీ?"

"మొదట్నించీ అంతేలే. కార్లోనే మాత్ర ఇస్తాడు. ఘాట్ రోడ్డెక్కేముందు వేసుకుంటాం చూడు, వాంతులవకుండా, అది. ఇవాళెందుకో మాత్రకి కూడా ఆగలేదు."

కార్లోనే మాత్ర ఇస్తాడు. అంటే వాడికి తెలుసు. కన్నతల్లికి కడుపులో తిప్పుతుందని తెలిసి, తిప్పినా బయటపడకుండా మాత్ర మింగించి, తీసుకొచ్చి కూర్చోబెట్టి, ‘వికారం లేదు’ అని రాయించుకుంటున్నాడు! ఆ సింకులో ఉన్నదానికంటే ఆ మాటకే నాకెక్కువ డోకొచ్చింది.

"ఒట్టెయ్యమ్మా, ఎవరితోనూ చెప్పనని" అంది ఆవిడ. తడిచేతులతో నా చేతులు వదలదు. ఆ కళ్ళలో నీళ్ళు చూసి సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అందరూ వెళ్ళిపోయాక రికార్డింగులు తీసి కూర్చున్నాను. కళ్ళని కనిపెట్టే కెమెరాలు తీసినవి. అప్పటిదాకా ఎవరం వాటి మొహం చూడలేదు, అంకెలు బాగున్నాయి కదాని. వీరాంజనేయులు గారిది తెరిచాను. మొదట్లో కళ్ళు అటూ ఇటూ కంగారుగా తిరిగాయి. తర్వాత రెప్పలు పడ్డాయి. అంతే, చివరిదాకా తెరుచుకోలేదు. ఆ తర్వాతావిడదీ అంతే. ఇంకొకాయన మధ్యలో ఒకసారి ఒక కన్ను కొద్దిగా తెరిచి, అమ్మో అన్నట్టు గట్టిగా మూసేసుకున్నాడు. పూజగదిలో కూర్చున్నట్టు అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అయిపోయిందనగానే తెరిచి, బానే ఉందన్నారు.

చిప్ బరువు ఎందుకంత తగ్గిందో కూడా అప్పుడర్థమైంది. కళ్ళు మూసుకున్నవాళ్ళకి గీయడానికి ఏముంది? చూపు ఎక్కడా లేకపోయేసరికి లోకమంతా మసగ్గా వదిలేసి చిప్ హాయిగా చల్లబడింది. దాన్నే హర్ష తెర మీద గీతగా గీసి చప్పట్లు కొట్టించుకున్నాడు. నవ్వొచ్చింది నాకు, నిజంగా పడీ పడీ నవ్వాల్సిన విషయమే. నాటింగ్‌హామ్ వార్డు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

సోమవారం కిచెన్‌లో హర్షని పట్టుకున్నాను. మైక్రోవేవ్‌లో పప్పు వేడి చేసుకుంటున్నాడు. రికార్డింగుల సంగతి చెప్పాను. ఆశ్చర్యపోతాడేమోనని ఇంకా ఎక్కడో ఆశ. వాడు చెంచాతో పప్పు కలుపుతూ విన్నాడు.

"కళ్ళు మూసుకోవడం కూడా ఒకరకంగా అలవాటు పడటమే మంగా."

"నీకు ముందే తెలుసు!"

"నాకు తెలిసింది ఒక్కటే. వాళ్ళు బానే ఉందన్నారు. నువ్వు రాసిన ప్రశ్నలకే, నీ ముందే. ఇప్పుడు ఫిలిప్ దగ్గరికెళ్ళి ఏమంటావ్? మా తెలుగు పెద్దవాళ్ళందరూ అబద్ధాలాడతారంటావా? తెల్లవాడి ముందు మన పరువు నువ్వే తీస్తావా?"

"ఆ ముసలివాళ్ళు పడి చస్తే పరువు నిలబడుతుందా?"

"ముందు ఆస్పత్రి వాళ్ళు సంతకం పెట్టనీ. తర్వాతి వెర్షన్‌లో సరిచేద్దాం. ఎందుకంత కోపం? పప్పు తింటావా, అమ్మ చేసింది" అన్నాడు. మామిడికాయ పప్పు. ఘుమఘుమలాడుతోంది. ఆ గిన్నె వాడి నెత్తిన బోర్లించకుండా ఎలా బయటికొచ్చానో నాకే తెలీదు.

ఫిలిప్ దగ్గరికీ వెళ్ళాను. రికార్డింగులు చూపించాను. ఆయన ఓపిగ్గా చూసి, వేళ్ళు ముడేసుకుని, ఎంతో మర్యాదగా చెప్పిన మాటేంటంటే, మనుషులు తమకెలా ఉందో తామే చెప్పినప్పుడు దాన్ని కాదనడం వాళ్ళ సంస్కృతిని అవమానించినట్టవుతుందట. పైగా నన్నే ఒక రకంగా చూశాడు, సొంతవాళ్ళని తక్కువ చేస్తున్నానన్నట్టు. మాత్ర సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ తడిచేతులు గుర్తొచ్చి మింగేశాను. నా డెస్కుకి వచ్చి కూర్చుంటే ఆ ఆఫీసు కార్పెట్, కుర్చీలు, కాఫీ మిషన్, అన్నిటిమీదా రోత పుట్టింది.

ఆస్పత్రి వాళ్ళు రానే వచ్చారు. వచ్చింది హెలెన్ అని, ఆ వార్డులో ముసలివాళ్ళని నడిపించే ఫిజియోథెరపిస్టు. పొట్టి జుట్టు, అరిగిపోయిన బూట్లు. ఆవిడ ఊ అంటే వచ్చేవారం నుంచి వార్డులో మొదలు. హర్ష కొత్త సూటు వేసుకున్నాడు. పక్కన వాళ్ళమ్మని ఆకుపచ్చ పట్టుచీరలో దేవుడి విగ్రహంలా నిలబెట్టాడు.

"మా అమ్మ. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనయింది. వరసగా అన్ని పరీక్షల్లోనూ కూర్చుంది, ఒక్కసారి కూడా ఇబ్బంది పడలేదు" అన్నాడు ఇంగ్లీషులో, ఆవిడ భుజం మీద చెయ్యేసి. ఆవిడ సిగ్గుపడుతూ నవ్వింది. కొడుకు తనని అంత గొప్పగా పరిచయం చేయడం ఆవిడకి ఎంత బావుందో ముఖంలోనే తెలుస్తోంది. నాకు చూడబుద్ధి కాలేదు.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. హెడ్‌సెట్ తగిలించాడు. గోడ మీది తెరలో పార్కు, చెట్లు, బాతులు. అందరూ తెర చూస్తున్నారు. నేను ఆవిడ చేతులు చూస్తున్నాను. కుర్చీ చేతుల్ని ఎంత బిగించి పట్టుకుందంటే గాజులు మణికట్టులోకి దిగబడ్డాయి. కాళ్ళ బొటనవేళ్ళు ముడుచుకుపోయాయి. అరవాలనిపించింది. అంతలో హర్షే ఆపి, హెడ్‌సెట్ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు, ఫోటోకి బావుంటుందని కాబోలు.

హెలెన్ వంగి, ఎలా ఉందని అడిగింది.

"వెరీ నైస్. వెరీ గుడ్" అంది ఆంటీ. పెదాలు తెల్లబడిపోయాయి.

హెలెన్ తలాడించి ఫిలిప్ వైపు తిరిగింది. అంతే, ఇంకొక్క నిమిషంలో అయిపోతుంది. ఒట్టేసిన మాట నిజమే, మాత్ర మాట ఎత్తకూడదు. వికారంగా ఉందా అని మళ్ళీ అడిగినా బానే ఉందనే అంటుంది, ప్రాణం పోతున్నా అదే అంటుంది. ఏం చెయ్యాలో తెలీక వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాను.

"ఆంటీ, ఇదంతా ఎందుకు చేస్తున్నామో తెలుసా మీకు?"

"ఏదో ఆట కదమ్మా. పార్కులో నడిచే ఆటని చెప్పాడు వాడు."

ఆట!

"మంగా, ఇంగ్లీషులో మాట్లాడు, గెస్టులున్నారు" అన్నాడు హర్ష, నవ్వు చెదరకుండా.

వినిపించుకోలేదు నేను. "ఆట కాదాంటీ. ఈవిడ పనిచేసే ఆస్పత్రిలో మీ ఈడువాళ్ళున్నారు. పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళు. ఇప్పుడిప్పుడే లేచి నిలబడుతున్నారు. ఇది వాళ్ళకోసం చేసింది. మీకు బావుందంటే వచ్చేవారం నుంచి వాళ్ళ కళ్ళకి పెడతారు. పెట్టమంటారా?"

ఆవిడ నావంక చూసింది. తర్వాత హెలెన్ బూట్లవంక చూసింది. ఆ తర్వాత కొడుకువంక.

"వద్దమ్మా" అంది. "నడవలేనివాళ్ళకా? వద్దు వద్దు. ఇందులో నేల కుదురుగా ఉండదు. తీసేశాక కూడా తిరుగుతూనే ఉంటుంది. పాపం, పడిపోతారు. వాళ్ళకి మాత్రం పెట్టొద్దు."

"ఏమంటున్నారు?" అని హెలెన్ అడిగింది.

హర్ష ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఆ పేషెంట్ల గురించి వింటే మా అమ్మకి జాలేసింది. వాళ్ళకి ఇది తప్పకుండా అందాలని కోరుకుంటోంది" అన్నాడు ఇంగ్లీషులో. గుండెల మీద చెయ్యి కూడా పెట్టుకున్నాడు.

ఒరే! నా నోట్లోంచి బూతు రావడానికి సిద్ధంగా ఉంది. కానీ నాకంటే ముందు ఆవిడే నోరు తెరిచింది. చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని వాడితో ఇంగ్లీషు హోంవర్కు చేయించిన మనిషి ఆవిడ, టీ పోస్తూ నాకోసారి చెప్పింది. ఆ సంగతి వాడు మర్చిపోయినట్టున్నాడు.

"నో" అంది హెలెన్‌తో. "ఐ సెడ్ నో. డోంట్ గివ్. దే విల్ ఫాల్."

అని, ఇక ఆపుకోలేక ముందుకి వంగి భళ్ళున కక్కుకుంది. పట్టుచీర మీద, కార్పెట్ మీద, కొడుకు బూట్ల మీద.

అప్పుడు హర్ష ముందుకి దూకాడు. తల్లి కోసం అనుకున్నాను. ఆవిడ ఒళ్ళోంచి హెడ్‌సెట్ లాక్కుని, రెండు చేతులతో పైకెత్తి, అద్దాల్లోకి ఏమన్నా పోయిందేమోనని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఫిలిప్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు. నేను తేరుకునేలోపే మోకాళ్ళ మీద కూలబడి, ఒక చేత్తో ఆవిడ నుదురు, ఇంకో చేత్తో వీపు పట్టుకున్నది హెలెన్ ఒక్కతే. తన మోచేతి మీద పడినదాన్ని కూడా తుడుచుకోలేదు. ఆవిడకి ఊపిరి అందాక తలెత్తి, "ఇది మా వార్డుకి రాదు" అని ఫిలిప్‌తో చెప్పింది. గొంతు పెంచలేదు.

ఆంటీని నేనే లేడీస్‌కి తీసుకెళ్ళాను. స్టూలు వేసి కూర్చోబెట్టి, కుచ్చిళ్ళ మీద నీళ్ళు చల్లి, పేపర్ టవళ్ళతో అద్దుతున్నాను. పట్టుచీర, ఇంక పనికిరాదు. ఆవిడ కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంది. కాసేపటికి తలుపు మీద టక టక.

"అమ్మా, అయిందా? కారు తెస్తున్నా. దార్లో మాట్లాడుకుందాం" అన్నాడు హర్ష బయటినుంచి. ఎలా ఉందని అడగలేదు. అడుగుతాడేమోనని నేను చెవులు రిక్కించి మరీ విన్నాను, అడగలేదు.

"నువ్వెళ్ళు నాన్నా" అంది ఆవిడ. "నేను లండన్లో, వెంబ్లీలో మీ పిన్ని వాళ్ళింటికి వెళ్తాను. ఈ అమ్మాయి దింపుతుందిలే."

బయట బూట్ల చప్పుడు దూరమైంది. నేను ఆగలేకపోయాను. కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కాను. వాడేం మనిషాంటీ, సొంత తల్లికి మాత్రలు మింగించి, ఆటని చెప్పి, మీ నోట్లోంచి వచ్చిన మాటని మీ ఎదురుగానే తిరగేసి చెప్తాడా, థూ, అలాంటివాణ్ణి ఏమనాలి అని, ఇంకా ఏమేమో అన్నాను. ఆవిడ నన్ను ఆపలేదు. అంతా విన్నాక కళ్ళు తెరిచింది.

"వాడంటే వాడి ఉద్యోగం. వాడు చెప్పలేదు, సరే" అంది. "నాకిక్కడే, ఈ సింకు దగ్గరే నుదురు పట్టావు కదమ్మా నువ్వు. అది రోగిష్టివాళ్ళ కోసమని ఆరోజు నువ్వెందుకు చెప్పలేదు?"

"మీకు తెలుసనుకున్నానాంటీ" అన్నాను.

"ఒక్క ముక్క చెప్పుంటే ఆరోజే వద్దనేదాన్ని. ఎంతసేపూ నీకెలా ఉంది, నీకెలా ఉంది అని అడిగారు. నాకేముందమ్మా?"

ఆవిడ నా చేతిలోంచి తడి టవలు తీసుకుని, చీర తనే తుడుచుకోవడం మొదలుపెట్టింది.